తీయని కప్పు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. దయ్యాలకీ నా మీద నమ్మకం ఉండి ఉండదు. అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో నన్ను ఎరిగిన మనుషులకే లేనప్పుడు వాటికెందుకు ఉంటుంది?

నేనేం చెప్పినా నాలుగుతో భాగించి వినాలని మా ఆవిడ వనజ పెట్టిన రూలు. మా డెక్ మీదకి ఉడుత వస్తే నేను ఎలుగుబంటి పిల్ల వచ్చిందంటాను. ఆఫీసులో మేనేజర్ నన్ను చూసి తలూపితే, నేను ఇల్లు చేరేలోగా అది ప్రమోషన్ అయిపోతుంది. తలా ఒక వంటకం పట్టుకొచ్చే పాట్‌లక్ పార్టీల్లో నేను కథ మొదలుపెట్టగానే వనజ వంటింట్లోంచి "నాలుగుతో భాగించండీ!" అని కేక పెడుతుంది. జనం నవ్వుతారు. నేను ఇంకాస్త రెచ్చిపోతాను. మా కాపురం అలా సాఫీగా సాగిపోతోంది.

ఇప్పుడు చెప్పబోయేదాన్ని మాత్రం భాగించకండి. ఇందులో నేను ఏమీ కలపలేదు. కొంత తీసేశాను కూడా. కొన్ని సంగతులు ఉన్నవి ఉన్నట్టు రాయాలంటే నాకే ధైర్యం చాలడం లేదు.

రెండువేల ఎనిమిదిలో, ఆకులు రంగు మారే రోజులు. మా అత్తగారు రాజ్యలక్ష్మిగారు కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చి ఆరు నెలలు కావస్తోంది. ఆవిడ రిటైరైన ఇంగ్లీషు టీచరు. కిటికీ బయట ఆటోలు హారన్లు కొడుతుంటే, ఆ గోలలోనే ముప్ఫై ఏళ్ళపాటు పిల్లలకి ఇంగ్లాండు పల్లెటూళ్ళ గురించి పాఠాలు చెప్పారు. రాతి ఇళ్ళు, పొగగొట్టాలు, చర్చి, ఏటి పక్కన పిండి మర. ఒక్కటీ కళ్ళతో చూడలేదు. అమెరికా వచ్చాక చూసినవి కాస్ట్‌కో కొట్టు, గుడి, మా బేస్‌మెంట్.

ఒకరోజు కాఫీ తాగుతూ అడిగారు. "అల్లుడుగారూ, ఇక్కణ్ణించి ఇంగ్లాండు ఎంత దూరమండీ?"

దూరం సంగతి అలా ఉంచండి. మేం అప్పట్లో దేశం దాటితే మళ్ళీ వీసా స్టాంపింగ్ చేయించుకుంటేగాని లోపలికి రానివ్వరు. స్టాంపింగ్‌కని వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయిన వాళ్ళ కథలు వారానికొకటి చొప్పున వింటున్నాం. వెళ్ళడం ఎవరికీ సమస్య కాదు. తిరిగి రావడమే మా అందరి గుండెల మీద కుంపటి.

"ఇంగ్లాండు దాకా ఎందుకత్తయ్యగారూ? ఆ ఇంగ్లీషువాళ్ళే ఇక్కడికొచ్చి కట్టుకున్న ఊళ్ళు మనకి గంట దూరంలో ఉన్నాయి. అవే ఇళ్ళు, అదే చర్చి, అదే మర. వీసా అక్కర్లేదు" అన్నాను.

అన్నానే గాని, ప్రతి వీకెండూ ఏదో ఒక అడ్డం. చివరికి ఒకే ఒక్క ఆదివారం మిగిలింది. ఆ రాత్రే ఆవిడకి ఫ్లైట్.

ఆ ఫ్లైట్ తప్పడానికి వీల్లేదు. కాకినాడలో ఆవిడ చిన్న కూతురు శైలజకి తొమ్మిదో నెల. బీపీ పెరిగిందని, మంచం దిగొద్దని డాక్టరు చెప్పింది. భర్త ఓడ మీద ఉద్యోగం, నడిసముద్రంలో ఉన్నాడు. పక్కింటావిడ వచ్చి పడుకుంటోంది. అత్తగారు వెళ్ళేదాకా ఆపరేషన్ ఆపుదామని డాక్టరు చూస్తోంది, అంతకు మించి ఆగదు. ఈ ఫ్లైట్ పోతే మళ్ళీ వారం దాకా సీట్లు లేవు.

"పదింటికి బయల్దేరితే రెండింటికి ఇంట్లో ఉంటాం" అన్నాను.

"మీరు చెప్పే గంటల్ని మాత్రం నాలుగుతో గుణించాలి" అంది వనజ.

"పోనీలేవే, పాపం ఆయన చూపిస్తానంటున్నారు" అన్నారు అత్తగారు. అప్పటికే ఆవిడ కంచిపట్టు చీర, దాని మీద నా పాత జాకెట్, కాళ్ళకి వనజ స్నీకర్స్‌తో తయారైపోయి ఉన్నారు. సూట్‌కేసులు హాల్లో తాళాలు వేసి నిలబెట్టి ఉన్నాయి.

లీస్‌బర్గ్ దాటాక రోడ్లు సన్నబడ్డాయి. రెండు పక్కలా సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు. వాటి వెనక గుర్రాలు. ముందు సీట్లో కూర్చున్న అత్తగారు జీపీఎస్ మాట్లాడినప్పుడల్లా శ్రద్ధగా విని, "ఉచ్చారణ బాగుంది ఈ పిల్లది" అని మార్కులు వేస్తున్నారు. మొదటి ఊరు చూశాం, రెండో ఊరు చూశాం. పిండి మర కనబడగానే ఆవిడ సీటులోంచి లేవబోయి బెల్టు లాగేసరికి మళ్ళీ కూలబడ్డారు. "అచ్చం అలాగే ఉందే వనజా! నేను బోర్డు మీద వేసినట్టే ఉందే!" అన్నారు.

అక్కడితో వెనక్కి తిరిగి ఉంటే నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు. "ఇంకొక్కటి" అన్నాను నేను.

ఆ మూడో ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే మీలో ఎవరో ఒకరు వచ్చే వీకెండ్‌కి కారు తీస్తారు. చిన్న ఊరు. ఒకటే వీధి. వాలుగా దిగి, చర్చి దగ్గర మలుపు తిరుగుతుంది. మలుపులో రాతి ఇల్లు, నీలం తలుపు, ముందు చిన్న వరండా. తోటలో ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఎండిన పూలు కత్తిరిస్తోంది.

నేను కారు ఆపకుండానే అత్తగారు అద్దం దించి ఆవిడకి నమస్కారం పెట్టారు. తోట చాలా అందంగా ఉందని చక్కటి ఇంగ్లీషులో చెప్పారు. పెద్దావిడ కత్తెర కింద పెట్టి, టీ తాగి వెళ్ళమంది. అమెరికాలో పన్నెండేళ్ళలో నన్ను దారిన పోతుంటే పిలిచి టీ ఇచ్చినవాళ్ళు లేరు. అప్పుడే అనుమానించాల్సింది.

వరండాలో కూర్చున్నాం. తెల్ల కప్పులు, వెలిసిపోయిన గులాబీ పూలు. టీ కెటిల్‌లో కాచి, పాలు విడిగా పోసి ఇచ్చింది. ఆరు నెలలుగా మా ఇంట్లో దారం కట్టిన పొట్లాల టీ తాగుతున్న అత్తగారు ఒక గుటక వేసి కళ్ళు మూసుకున్నారు. ఇద్దరూ గులాబీల గురించి, స్కూలు పిల్లల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. వనజ నాకు గడియారం చూపించింది. లేచాం.

ఇక్కడ జరిగింది జాగ్రత్తగా చెప్పాలి.

మన ఇళ్ళల్లో గుమ్మం దిగేటప్పుడు "వెళ్తున్నాను" అనం కదా. అశుభం. "వెళ్ళొస్తాను" అనాలి. అత్తగారికి ఆ పట్టింపు మరీ ఎక్కువ. చీటీలు కట్టే ఆఫీసులో కూడా "వెళ్ళొస్తానండీ" అనే లేస్తారట. ఆవిడ ఇంగ్లీషులో తప్పులు దొర్లవు. పిల్లలు "ఐ విల్ గో అండ్ కమ్" అని రాస్తే ముప్ఫై ఏళ్ళపాటు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసిన మనిషి. కానీ ఆ రోజు, చిన్న కూతురికి ప్రాణం మీదకి వచ్చి ఉన్న రోజు, ఆ గుమ్మంలో అశుభం పలకడానికి ఆవిడకి నోరు రాలేదు. కాస్త సిగ్గుపడుతూనే, చేతులు జోడించి అన్నారు.

"ఐ విల్ గో అండ్ కమ్."

నాకు నవ్వొచ్చింది. పెద్దావిడ నవ్వలేదు. అత్తగారి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఇక్కడికి వచ్చినవాళ్ళందరూ గుడ్‌బై చెప్పే వెళ్తారని, మళ్ళీ వస్తానని ఎవరూ అనలేదని చెప్పింది. "అయితే మీ కప్పు తీయనులెండి" అంది.

ఎంత బాగా మాట్లాడిందో అనుకుంటూ కారెక్కాం.

వీధి చివర ఎడమకి తిరిగితే పెద్ద రోడ్డు. జీపీఎస్ అలాగే చెప్పింది, నేను అలాగే తిరిగాను. రాతి గోడలు, గుర్రాలు, చిన్న వంతెన, వాలు రోడ్డు, చర్చి, మలుపు. నీలం తలుపు. వరండాలో పెద్దావిడ చెయ్యూపింది.

"షార్ట్‌కట్ కొట్టారా మళ్ళీ?" అంది వనజ వెనక నుంచి.

కొట్టలేదు. నేను షార్ట్‌కట్లు కొడతానన్నది నిజమే. ఒకసారి ఎయిర్‌పోర్టుకని బయల్దేరి ఒక పెళ్ళి మంటపం చేరుకున్నాను, భోజనం కూడా చేశాం. కానీ ఈసారి జీపీఎస్ పిల్ల చెప్పినట్టే వెళ్ళాను. సరే, ఎక్కడో పొరపాటు పడ్డానని, ఈసారి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాను. మేం పొద్దున ఊళ్ళోకి దిగిన రోడ్డు అది. గుడ్డివాడికి కూడా తెలిసేంత తిన్నటి రోడ్డు.

రాతి గోడలు, గుర్రాలు, చిన్న వంతెన, వాలు రోడ్డు, చర్చి.

ఈసారి నేను దిగి ఆవిణ్ణే దారి అడిగాను. ఎంతో ఓపిగ్గా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ చూపు నా భుజం మీదుగా కార్లో కూర్చున్న అత్తగారి మీదే ఉంది. నేను బల్ల వైపు చూశాను. నా కప్పు లేదు, వనజ కప్పు లేదు. అత్తగారి కప్పు ఒక్కటే ఉంది. అందులోంచి ఆవిరి లేస్తోంది.

మళ్ళీ నింపి ఉంటుందని అనుకున్నాను. అలా అనుకోవడానికి నేను చాలా కష్టపడ్డాను.

కారెక్కి కప్పు సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను ఒక విషయం చెప్పకుండా దాచడం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆవిడ చెప్పిన దారిలో వెళ్ళాను. సాక్ష్యం కావాలంటే ఒకటి చెప్పగలను. గ్యాస్ ముల్లు, అదే పెట్రోలు ముల్లు, దిగుతూనే ఉంది, మైళ్ళ అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. అంటే కారు కదలకుండా నిలబడి లేదు. ఎదురుగా ఒక్క బండి కూడా రాలేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. జీపీఎస్ పిల్ల మాట్లాడటం మానేసి తెర మీద ఒక చక్రం తిప్పుతూ కూర్చుంది.

"శైలూ ఫోన్ చేస్తుంటుందే. ఎత్తకపోతే కంగారు పడుతుంది" అన్నారు అత్తగారు.

"వచ్చేస్తాంలే అమ్మా" అంది వనజ. ఆ గొంతులో కోపం పోయి భయం వచ్చింది. కోపమే నయం.

చిన్న వంతెన. వాలు రోడ్డు. మలుపు.

నేను కారు ఆపేశాను. నవ్వించడానికి ఏదైనా అందామని చూశాను, ఒక్క మాటా దొరకలేదు. అప్పుడు అత్తగారు మెల్లగా బెల్టు తీశారు.

"ఇందులో మీ తప్పేం లేదు అల్లుడుగారూ. నేను అన్నాను కదా, వెళ్ళొస్తానని. వెళ్తున్నాం, వస్తున్నాం."

"అమ్మా, పిచ్చిమాటలు మాట్లాడకు. కూర్చో."

"ఉండవే. ఆవిడకి మన పద్ధతి తెలీదు. ఆవిడ భాషలో దానికి అర్థం అదే కదా మరి. తప్పు నాది, నేనే దిద్దుకోవాలి."

స్నీకర్స్ వేసుకున్న కాళ్ళతో, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆవిడ వరండా మెట్లెక్కారు. మేం కార్లోంచి చూస్తూనే ఉన్నాం. కూర్చోలేదు. నిలబడే కప్పు తీసుకుని టీ పూర్తిగా తాగారు. వేడి టీ ఊదుకుని తాగినట్టు, ఆగి ఆగి తాగారు. ఏదో చెప్పారు. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. అత్తగారు మళ్ళీ చెప్పారు. ఈసారి పెద్దావిడ చాలాసేపు కదల్లేదు. తర్వాత నవ్వింది. అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది.

అత్తగారు వచ్చి కార్లో కూర్చున్నారు. వెనక్కి చూడలేదు.

"ఇక పోనీయండి" అన్నారు.

అదే ఎడమ మలుపు. అదే రాతి గోడలు. వంతెన రాలేదు. రెండు నిమిషాల్లో పెద్ద రోడ్డు, ట్రాఫిక్ లైటు, గ్యాస్ స్టేషన్, మనుషులు. జీపీఎస్ పిల్ల ఏమీ జరగనట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. ఫోన్లో శైలజ మిస్డ్ కాల్స్ టపటపా వచ్చి పడ్డాయి. వనజ అద్దానికి తల ఆనించి ఏడ్చింది.

హాల్లో నిలబెట్టిన సూట్‌కేసులు డిక్కీలోకి విసిరినంత పని చేసి డల్లెస్ ఎయిర్‌పోర్టు చేరుకున్నాం. ఫ్లైట్ దొరికింది. సెక్యూరిటీ లైను దగ్గర అత్తగారు మా ఇద్దరి వైపూ తిరిగారు. మేం ఆ మాట కోసం ఎదురుచూశాం. ఆవిడ నోరు తెరిచి, మూసి, వనజ చెంప మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండానే వెళ్ళిపోయారు.

శైలజకి మగపిల్లాడు. ఆవిడ దిగిన మర్నాడే ఆపరేషన్. తల్లీబిడ్డా క్షేమం. వాడిప్పుడు బడికి వెళ్తున్నాడు, ఫోన్లో నేను చెప్పే అబద్ధాలన్నీ బొమ్మలు వేసి టీచరుకి చూపిస్తున్నాడట. అంటే అన్నీ మంచిగానే ముగిశాయి. ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.

అత్తగారు మళ్ళీ అమెరికా రాలేదు. రెండుసార్లు టికెట్లు బుక్ చేశాం. రెండుసార్లూ చివర్లో కుదరదన్నారు. మోకాళ్ళన్నారు, పిల్లాడికి జలుబన్నారు. శైలజ చెప్పిందేమిటంటే, ఆవిడ అమెరికా మాట అటుంచి, సాయంత్రంపూట వీధి చివరకి కూడా వెళ్ళడం మానేశారట. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మధ్యాహ్నం వెళ్ళి, నాలుగింటికల్లా ఇంట్లో ఉంటున్నారట.

స్టాంపింగ్ భయం తీరాక మేమే కాకినాడ వెళ్ళాం. శైలజ ఫ్లాట్ మూడో అంతస్తు. సాయంత్రం అత్తగారు టీ పెట్టారు. కెటిల్‌లో కాచి, పాలు విడిగా. మా కప్పులు మాకిచ్చి, ఇంకొక కప్పు నింపి బాల్కనీలో ఖాళీ కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టారు.

"ఎవరికత్తయ్యగారూ?"

"వస్తానన్నావిడకి."

శైలజ మా వైపు చూసి తల పక్కకి తిప్పుకుంది. అలవాటైపోయినట్టుంది. నేను ధైర్యం చేసి అడిగాను. ఆ రోజు వరండాలో ఏమన్నారని.

"ఏముందండీ. మా అమ్మాయి పురుడు, నాకు మళ్ళీ రావడం కుదరదన్నాను. ఒప్పుకోలేదు. ఇంకేమనను? మీరే ఒకసారి మా ఇంటికి రండి అన్నాను. మర్యాదకి అందర్నీ పిలుస్తాం కదా, అలాగే."

"ఆవిడేమంది?"

"సరే, వస్తాను అంది." అత్తగారు బాల్కనీ వైపు చూశారు. "అడ్రసు మాత్రం అడగలేదు."

నేను తేలిక చేద్దామని, మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు చూస్తే ఎవరైనా వెనక్కి వెళ్ళిపోతారన్నాను. ఎవరూ నవ్వలేదు.

"తాళం చూసి తిరిగి వెళ్ళిపోయిందనుకోండి, బాగుంటుందా? మాటంటే ఆవిడకి ఎంత పట్టింపో చూశారు కదా" అన్నారు అత్తగారు.

దీపాలు పెట్టే వేళకి వనజ కప్పులు తీయడానికి లేచింది. మా కప్పులన్నీ ట్రేలో పెట్టుకుంది. బాల్కనీలోకి వెళ్ళి ఆ కప్పు మీద కూడా చెయ్యి వేసింది. టీ పోసి అప్పటికి ఎంతసేపైందో లెక్క లేదు. కోనసీమ కథలన్నీ చెప్పుకున్నాం, పిల్లాడు హోంవర్కు పూర్తి చేశాడు. వనజ చెయ్యి కప్పు మీద అలాగే ఉండిపోయింది. తర్వాత చప్పున వెనక్కి తీసుకుంది. కప్పు తీయలేదు.

"చల్లారిందా?" అన్నాను.

వనజ ట్రే ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రీ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. నేను ఆ కప్పు ముట్టుకోలేదు. డెక్ మీద పామును ఉత్త చేత్తో పట్టుకున్నానని చెప్పుకునే మనిషిని నేను, ఒక టీ కప్పు ముట్టుకోలేకపోయాను. మర్నాడు మేం బయల్దేరుతుంటే "వెళ్ళొస్తాం అత్తయ్యగారూ" అనబోయి, మింగేసి, చెయ్యి మాత్రం ఊపాను.

రోడ్లు గుండ్రంగా ఉంటాయని, కొత్త దారుల్లో మనసు మోసపోతుందని, జీపీఎస్‌లు ఆ రోజుల్లో అంతేనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. గ్యాస్ ముల్లుకి జవాబు దొరికింది, చక్రానికి దొరికింది. కప్పుకి దొరకలేదు.

ఇప్పటికీ పాట్‌లక్‌లలో నేను కథలు చెబుతాను. అప్పుడప్పుడు ఎవరైనా అడిగితే ఇదీ చెబుతాను. చెబుతూ మధ్యలో ఆగుతాను. వంటింట్లోంచి ఆ కేక కోసం చెవులు రిక్కించి ఎదురుచూస్తాను. నాలుగుతో కాకపోయినా కనీసం రెండుతోనైనా భాగించమంటే ప్రాణం లేచొస్తుందని.

గిన్నెల చప్పుడు కూడా ఆగిపోతుంది. వనజ ఏమీ అనదు.